60 కుట్లతో మొదలుపెట్టాను, 67 అయ్యాయి. పైగా అత్తయ్యగారు వద్దంటున్నారు

చిట్టిఊలు
నాకు ఆరో నెల దాటింది. ఫిబ్రవరి మొదటి వారం డేట్ ఇచ్చారు. ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తున్నాను. రాత్రిళ్ళు నిద్ర పట్టదు, ఫోన్ చూస్తే తలనొప్పి. అందుకని నెల కిందట ఊలు, 8 నంబరు సూదులు తెచ్చుకుని వీడియోలు చూస్తూ అల్లడం మొదలుపెట్టాను. బిడ్డకి నా చేత్తో ఒక దుప్పటి అల్లాలని ఆశ.

60 కుట్లు ఎక్కించాను. తిరగేసి వేసే పర్ల్ కుట్టు ఇంకా రాదు, అన్ని వరసలూ మామూలు నిట్ కుట్టే. నిన్న లెక్కపెడితే 67 ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను, అంతే. ఎక్కడ పెరిగాయో తెలియడం లేదు. పక్కలు వంకరగా పోతున్నాయి.

అసలు బాధ ఇంకొకటి ఉంది. మా అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చి పది రోజులైంది. చాలా మంచి మనిషి, నన్ను కాలు కింద పెట్టనివ్వరు. కానీ నా చేతిలో సూదులు చూడగానే ఆవిడ మొహం మారిపోయింది. "పుట్టకముందే బట్టలేంటమ్మా, పక్కన పెట్టు" అన్నారు. మర్నాడు మళ్ళీ అదే మాట. మా ఆయనేమో "పెద్దవాళ్ళ మాట కదా, డెలివరీ అయ్యాక అల్లుకో" అంటున్నారు. డెలివరీ అయ్యాక నా చేతులు ఖాళీగా ఉంటాయా?

అల్లింది విప్పేయాలా, ఉంచాలా? అత్తయ్యగారికి ఎలా చెప్పాలి?

లెక్కల_టీచర్
విప్పేయండి. మొదటిది ఎవరికైనా వంకరగానే వస్తుంది. విప్పి మళ్ళీ అల్లితే చెయ్యి తిరుగుతుంది.

కంటోన్మెంట్_అక్క
విప్పొద్దు! ముందు ఎందుకు పెరిగాయో తెలుసుకో. నేను ఊలు పట్టింది డెహ్రాడూన్‌లో, మావారికి అక్కడ పోస్టింగ్ ఉన్నప్పుడు. చలికాలం మధ్యాహ్నం క్వార్టర్స్ ముందు ఎండలో మంచాలు వేసుకుని ఆడవాళ్ళంతా అల్లేవాళ్ళు. నాకు హిందీ రాదు, వాళ్ళకి తెలుగు రాదు. నా చెయ్యి పట్టుకుని నేర్పించారు. నాకూ మొదట్లో 50 కుట్లు 58 అయ్యాయి.

దాదాపు ఎప్పుడూ కారణం ఇదే. వరస అయిపోయి సూది తిప్పినప్పుడు దారాన్ని వెనక్కి పంపాలని సూది మీంచి వేసి లాగుతాం. అప్పుడు మొదటి కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్ళూ సూది మీద రెండు కుట్లలా కనిపిస్తాయి. వాటిని రెండుగా అల్లేస్తాం. వరస మొదట్లో దారాన్ని సూది కింద నుంచే వెనక్కి తీసుకో, పై నుంచి కాదు.

నడిమధ్యలో చిన్న చిన్న కన్నాలు కనిపిస్తున్నాయా? ఉంటే అది వేరే తప్పు. దారం ముందు వైపు ఉండగానే నిట్ కుట్టు వేశావన్నమాట.

చిట్టిఊలు
అక్కా, ఇప్పుడే చూశాను. కన్నం ఒక్కటే ఉంది. మిగతా పెరుగుదలంతా పక్కల దగ్గరే. మీరు చెప్పినట్టే సూది మీంచి లాగుతున్నాను! ఆ వీడియోలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఓరుగల్లు_పోరి
అత్తమ్మల సంగతి నేను చెప్తా. మా దిక్కు కూడా పుట్టకముందు కొత్తబట్టలు కొనరు. నా బిడ్డకు ముందు తొడిగింది మా అక్క కొడుకు పాత అంగీ. మెత్తగ ఉంటది, పది సార్లు ఉతికినది. పాతబట్ట మంచిదని ఊరికే అనలేదు పెద్దోళ్ళు.

మంచులో_తెలుగు
ఆచారం పేరుతో పెట్టే భయాలు నాకు నచ్చవు. నేను మిన్నెసోటాలో ఉంటాను. జనవరిలో పాప పుట్టింది, బయట సున్నాకి 20 డిగ్రీలు కింద. ముందుగా ఏమీ సిద్ధం చేసుకోకుండా కుదురుతుందా ఇక్కడ? డిశ్చార్జి అయ్యే ముందే కార్లో బేబీ సీటు ఉండాలి. నేను టోపీ, సాక్సు, దుప్పటి అన్నీ ఏడో నెలకే తెచ్చిపెట్టుకున్నాను. ఏమీ కాలేదు. చిట్టిఊలు, మీరు అల్లండి.

ఓరుగల్లు_పోరి
@మంచులో_తెలుగు మీకు అక్కడ అవసరం, చేసుకున్నరు. ఈమె ఇంట్ల ఉన్నది అత్తమ్మ. రోజూ మొహం చూడాలె. మీ మాట పట్టుకొని ఈమె కొట్లాడితే మీరొచ్చి కూర్చుంటారా?

మంచులో_తెలుగు
కొట్లాడమని నేను అనలేదండీ. తన ఇష్టం చంపుకోవద్దంటున్నాను, అంతే.

బొంతల_మనవరాలు
ముందుగా ఏమీ చేయకూడదు అని అందరి ఇళ్ళలోనూ లేదు. మా అమ్మమ్మ నాకు ఏడో నెల రాగానే తన పాత నేత చీరలు తీసి బొంత కుట్టడం మొదలుపెట్టింది. నాలుగు మడతలు, మధ్యలో తాతయ్య పంచె, చుట్టూ దగ్గర దగ్గరగా పరుగు కుట్టు. పొత్తిగుడ్డలు కూడా ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి పెట్టెలో ఉంచింది. కొత్తగుడ్డ కొనలేదు, నిజమే. కానీ చేత్తో చేయడం ఆపలేదు. మా వాడికి ఇప్పుడు ఆరేళ్ళు. ఆ బొంత లేకపోతే పడుకోడు. అమ్మమ్మ ఇప్పుడు లేదు.

చిట్టిఊలు, మీ అత్తయ్యగారి అభ్యంతరం కొత్తబట్ట మీదా, అల్లడం మీదా? అది అడిగారా?

చిట్టిఊలు
అడగలేదు. అలా విడదీసి ఆలోచించలేదు నేను. బొంత మాట చెప్పి ఏడిపించారు.

పురిటిగది_సిస్టర్
నేను ప్రసవాల వార్డులో పదకొండేళ్ళుగా నర్సుని. ఆచారాల జోలికి పోను గానీ, బిడ్డ భద్రత గురించి నాలుగు మాటలు చెప్పాలి.

మొదటి ఏడాదిలో పడుకున్న బిడ్డ దగ్గర వదులుగా దుప్పటి ఉంచకూడదు. మొహం మీద పడితే తీసుకోవడం వాళ్ళకి రాదు. ఎత్తుకున్నప్పుడు కప్పండి, మెలకువగా ఉన్నప్పుడు కింద పరచండి, అంతే. పుట్టిన వెంటనే తలకి టోపీ మంచిదే, మేమే పెడతాం. ఒంటితో పోలిస్తే బిడ్డ తల పెద్దది, అక్కడ నుంచి వేడి త్వరగా పోతుంది. ఇంటికి వెళ్ళాక వెచ్చటి గదిలో నిద్రపోయేటప్పుడు మాత్రం టోపీ తీసేయండి.

ఊలు సాక్సులు, చేతి తొడుగులు అల్లేవాళ్ళు లోపల వైపు దారపు కొసలు వదలొద్దు. ఆ కొస కాలివేలికి చుట్టుకుని బిగిస్తే వేలు వాచిపోతుంది. బిడ్డ ఏడుస్తుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. సాక్సు విప్పి చూసేసరికి వేలు నల్లబడిన బిడ్డని నేను చూశాను. పెద్ద కన్నాల డిజైన్లు కూడా వద్దు, వేళ్ళు ఇరుక్కుంటాయి. గుండీలు, రిబ్బన్లు, మెడ దగ్గర తాళ్ళు ఏవీ వద్దు.

అన్నట్టు, ఫిబ్రవరి అంటున్నారు. పురుడు ఎక్కడ?

చిట్టిఊలు
తణుకులో, మా పుట్టింట్లో. సంక్రాంతికి వెళ్ళి అక్కడే ఉండిపోతాను.

కంటోన్మెంట్_అక్క
తణుకులోనా! శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. తర్వాత ఊలు దుప్పటి కప్పితే బిడ్డ ఉడికిపోతుంది. నువ్వు తెచ్చింది అక్రిలిక్ అయితే, అంటే సింథటిక్ దారమైతే, చెమట పెద్దగా పీల్చుకోదు. ఆ దుప్పటి ఆలోచన మానెయ్.

చిట్టిఊలు
అక్రిలిక్కే. లేబుల్ మీద బేబీ అని ఉంటే తెచ్చేశాను. అయితే ఈ నెల రోజుల కష్టం వృథానా?

లెక్కల_టీచర్
వృథా కాదు. ఇప్పటిదాకా అల్లిన ముక్క కొలతలు చెప్పండి. వెడల్పు మొదట్లో ఎంత, ఇప్పుడెంత, పొడుగెంత.

చిట్టిఊలు
మొదటి వరస దగ్గర 30 సెంటీమీటర్లు. సూది దగ్గర 33 దాటింది. పొడుగు 15.

లెక్కల_టీచర్
అంటే మీ చేతికి 10 సెంటీమీటర్లకు 20 కుట్లు పడుతున్నాయి. 60 కుట్లు వేస్తే అడుగు వెడల్పే వస్తుంది, దాంతో దుప్పటి ఎలాగూ రాదు. కనీసం 140 కుట్లు కావాలి.

సిస్టర్ గారూ, అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత ఎంత ఉంటుంది?

పురిటిగది_సిస్టర్
నెలలు నిండిన బిడ్డకి మామూలుగా 33 నుంచి 35 సెంటీమీటర్లు.

లెక్కల_టీచర్
67 కుట్లు అంటే 33న్నర. విప్పమని మొదట చెప్పింది నేనే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది టోపీ!

కంటోన్మెంట్_అక్క
అమ్మ టీచరూ! నేను ఇంత చూసీ ఆ సంగతి పట్టుకోలేదు. చిట్టిఊలూ, విను. వెడల్పైన వైపు కిందకి, అంటే నుదుటి దగ్గరకి రావాలి. ఇరుకు వైపు, నువ్వు మొదలుపెట్టిన అంచు, నడినెత్తికి. ఇంకో నాలుగు వరసలు అల్లి, కుట్లు సూది మీంచి వదులుగా దించి ముగించెయ్. బిగించి దించితే నుదుటి మీద గీత పడుతుంది. తర్వాత ముక్కని గొట్టంలా మడిచి పక్క కుట్టెయ్. పై అంచు 60 కుట్లలోంచి మొద్దుసూదితో దారం దూర్చి, సంచి మూతిలా లాగి, రెండుసార్లు తిప్పి గట్టిగా ముడెయ్. కొసలు లోపల కుట్లలోకి దూర్చి దాచెయ్. ఆ ఒక్క కన్నాన్నీ దారంతో మూసెయ్. అన్నీ నిట్ వరసలే కాబట్టి బాగా సాగుతుంది, తల ఒక సెంటీమీటరు పెద్దదైనా పడుతుంది.

నీ తప్పు కుట్లే టోపీకి అంచు ఇచ్చాయి చూడు.

చిట్టిఊలు
ఇప్పుడే మడిచి చూశాను. నిజంగా టోపీలా ఉంది!! ఒంటిగంట అయింది, నవ్వు ఆగడం లేదు, మా ఆయన లేచి ఏమైందని అడుగుతున్నారు.

అల్లికల_నాన్న
ఆయన్నీ కూర్చోబెట్టండి. నేను మా ఆవిడకి నాలుగో నెలలో నేర్చుకున్నాను. ఆమెకి రాత్రిళ్ళు చేతులు తిమ్మిరెక్కి సూది పట్టుకోలేకపోయేది. ఆమె మొదలుపెట్టిన చిన్న జాకెట్‌ని నేను పూర్తిచేశాను. ఒక చెయ్యి రెండు వేళ్ళు పొడుగు వచ్చింది. బాబు పెరిగాక రెండూ సరిపోయాయి, ఒకటి ముందు, ఒకటి తర్వాత.

చిట్టిఊలు
@అల్లికల_నాన్న నాకూ వారం నుంచి కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరిగా ఉంటున్నాయి. అల్లడం వల్లేనా?

పురిటిగది_సిస్టర్
గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరి మణికట్టు దగ్గర నరం మీద ఒత్తిడి పడుతుంది. చాలామందికి వస్తుంది, ప్రసవమయ్యాక ఎక్కువ మందికి తగ్గిపోతుంది. మణికట్టు వంచి గంటల తరబడి అల్లితే ఎక్కువవుతుంది. పావుగంటకోసారి ఆపండి, సూదులు బిగించి పట్టుకోకండి. చెకప్‌లో డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి, రాత్రి కట్టుకోవడానికి పట్టీ ఇస్తారు. చేతులతో పాటు మొహం కూడా ఒక్కసారిగా వాచినా, తలనొప్పి తగ్గకపోయినా చెకప్ దాకా ఆగొద్దు. ఆ రోజే వెళ్ళండి. మొదటి పోస్టులో తలనొప్పి అన్నారు, అందుకే చెబుతున్నాను.

చిట్టిఊలు
రేపే వెళ్తాను సిస్టర్ గారూ.

చిట్టిఊలు
వెళ్ళొచ్చాను. బీపీ మామూలుగానే ఉంది. తలనొప్పి నిద్ర లేకనే అన్నారు, చేతికి పట్టీ రాశారు. అందరికీ చెప్పాలనిపించింది.

గోదారిగట్టు
నేను మొదటి నుంచీ చదువుతున్నాను. అందరూ ఆచారం గురించే మాట్లాడుతున్నారు. చిట్టిఊలు గారూ, మీ అత్తయ్యగారిది ఏ ఊరు?

చిట్టిఊలు
పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లెటూరు. ఎందుకండీ?

గోదారిగట్టు
అనుకున్నాను. మాదీ అటే. మీ అత్తయ్యగారు చిన్నప్పుడు లేసు అల్లేవారేమో అడగండి.

మా వైపు ఇంటింటా లేసు పనే. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. ఊలు కాదు, సన్నటి నూలుదారం, కొక్కెం ఉన్న ఒకే సూది. మా అమ్మ పదేళ్ళప్పుడు పట్టుకుంది. షావుకారు మనిషి దారం ఇచ్చి వెళ్ళేవాడు. పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకు పని. ఒకరి ఇంట్లో పువ్వులు, ఇంకొకరి ఇంట్లో అతుకు. దారం లెక్కన కూలి. అన్నం వండి, గేదె పాలు పితికి, మిగిలిన ప్రతి నిమిషం సూదే. రాత్రి లాంతరు ముందు కూడా. ఆ లేసు ఎక్కడెక్కడి దేశాలకో వెళ్ళేది. మా ఇంట్లో ఒక్క బల్ల మీద కూడా లేసు గుడ్డ ఉండేది కాదు, బల్లే లేదు కాబట్టి. నలభై దాటేసరికి అమ్మకి దగ్గరి చూపు పోయింది.

2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. వార్త చదివి వినిపిస్తే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన వేళ్ళు చూసుకుంది. ఇప్పటికీ నేను రాత్రిపూట సూదీ దారం పడితే ఊరుకోదు.

మీ అత్తయ్యగారి మనసులో ఏముందో నాకు తెలియదు. ఒకసారి అడగండి. అల్లడం గురించి కాదు, ఆవిడ గురించి.

ఓరుగల్లు_పోరి
ఇది చదివినంక ఏం రాయాల్నో తెలుస్తలేదు.

మంచులో_తెలుగు
నేను ఆచారం పేరుతో పెట్టే భయాలు అనేశాను. అలా అనకుండా ఉండాల్సింది.

చిట్టిఊలు
మూడు రోజులు ఇటు రాలేకపోయాను. అడిగాను.

మధ్యాహ్నం ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని "మీరు చిన్నప్పుడు లేసు అల్లేవారా అత్తయ్యా?" అన్నాను. చేతులు ఆగిపోయాయి. "నీకెవరు చెప్పారు, వాడు చెప్పాడా?" అన్నారు. మా ఆయనకి ఈ సంగతే తెలియదు! తొమ్మిదో ఏట నుంచి పెళ్ళిదాకా అల్లారట. ఆవిడ, వాళ్ళమ్మ, ఇద్దరు అక్కలు. ఆవిడది చేతిపని, పెద్దక్కది అతుకు. పండగకి గౌను గుడ్డ కొనాలంటే ఎన్ని పువ్వులు అల్లాలో ఇప్పటికీ లెక్క చెప్పారు. "మా అమ్మ నిండు నెలలతో కూడా దీపం ముందు వంగి అల్లేది. నువ్వు రాత్రి లైటు వేసుకుని వంగి కూర్చుంటే నాకు అదే కనిపిస్తోంది. పుట్టకముందు బట్టలు వద్దనే మాట మన ఇంట్లో ఉన్నదే, కానీ నాకు అసలు కంపరం అది" అన్నారు.

ఇంకో మాట కూడా అన్నారు. తన ఇద్దరు పిల్లలకీ ఒక్క పువ్వయినా అల్లలేదట. పెళ్ళయ్యాక సూది మళ్ళీ ముట్టుకోలేదట.

నేను టోపీ ముక్క చూపించాను. అంచు దగ్గర ఒక కుట్టు సూది మీంచి జారి నాలుగు వరసలు కిందకి దిగిపోయింది, నేను చూసుకోనే లేదు. ఆవిడ కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా వేలితో తడిమి "ఇక్కడ జారింది" అన్నారు. కొక్కెం సూది నా దగ్గర ఉంది. ఇస్తే వరస వరసా పైకి లాగి సూదికెక్కించారు. నిమిషం పట్టలేదు. నేను ఆ చేతులే చూస్తూ ఉండిపోయాను.

గోదారిగట్టు
అడిగినందుకు సంతోషం. ఈ పోస్ట్ మా అమ్మకి చదివి వినిపించాను. "తొమ్మిదేళ్ళకా, పాపం, నాకంటే ఏడాది ముందే" అంది.

బొంతల_మనవరాలు
మరి టోపీ సంగతి? ఒప్పుకున్నారా?

చిట్టిఊలు
ఒక ఒప్పందానికి వచ్చాం. రాత్రిపూట సూదులు పట్టకూడదు, పగలు వెలుతురులోనే, అదీ గంటకి మించకుండా. టోపీ అల్లడం పూర్తిచేయొచ్చు, కానీ పక్క కుట్టకూడదు, నెత్తి దగ్గర దారం లాగకూడదు. "కుట్టనంతవరకూ అది గుడ్డ ముక్కే, బట్ట కాదు. పుట్టాక నేను కుడతాను" అన్నారు.

లెక్కల_టీచర్
ఎంత చక్కగా ఆలోచించారో!

ఓరుగల్లు_పోరి
అత్తమ్మకు నా దండం చెప్పు.

కంటోన్మెంట్_అక్క
కుట్టే ముందు ఒకసారి గోరువెచ్చటి నీళ్ళలో ఉతికి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టు. అక్రిలిక్‌ని ఇస్త్రీ చేయొద్దు, వేడికి పాడైపోతుంది. ఈలోపు పర్ల్ నేర్చుకో. ఎండలకి పనికొచ్చేది కావాలంటే నూలుదారం తెచ్చుకుని పలచటి చిన్న చొక్కా అల్లొచ్చు.

అల్లికల_నాన్న
మీ ఆయన నేర్చుకుంటున్నారా మరి?

చిట్టిఊలు
వాళ్ళమ్మ దగ్గరే కూర్చున్నారు నిన్న. పది కుట్లు ఎక్కించారు. పన్నెండయ్యాయి.

చిట్టిఊలు
తణుకు నుంచి రాస్తున్నాను. పాప పుట్టింది, జనవరి చివర్లోనే, డేట్ కంటే తొమ్మిది రోజులు ముందు. 2 కిలోల 800 గ్రాములు. ఇద్దరం బాగున్నాం. తల 33 సెంటీమీటర్లు, నర్సుని అడిగి మరీ కొలిపించాను.

అత్తయ్యగారు రాత్రి బస్సుకి వచ్చారు. మొదట మా అమ్మమ్మ చీర ముక్కల పొత్తిగుడ్డలే. మూడో రోజు పొద్దున ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని సంచిలోంచి ఆ ముక్క తీసి పక్క కుట్టారు. నెత్తి దగ్గర దారం లాగుతూ నన్ను పిలిచారు, ముడి నన్నే వేయమన్నారు. టోపీ అంచు చుట్టూ తెల్ల నూలుదారంతో చిన్న లేసు ఉంది, గోరంత వెడల్పు. ఎప్పుడు అల్లారో నాకు తెలియనే తెలియదు. దారం వాళ్ళ ఊరు వెళ్ళి తెచ్చుకున్నారట.

టోపీ కొంచెం వదులు, కనుబొమల మీదకి జారుతోంది.

పురిటిగది_సిస్టర్
శుభం! జారితే అంచు ఒక మడత పైకి మడవండి, కళ్ళ మీదకి రాకూడదు. లేసు కన్నాలు పైవైపు వచ్చేలా చూసుకోండి.

గోదారిగట్టు
ఆ లేసు ఫోటో ఒకటి పెట్టగలరా? పాప మొహం వద్దు, అంచు కనిపిస్తే చాలు. మా అమ్మ ఏ పువ్వో చూస్తానంటోంది.